సుభాన్‌బీని కరిచిన కుక్క

నందిగామ,
12 జూలై 1954

అక్కకి,

రత్నమణి వందనాలు. బావగారికి కూడా చెప్పు. ఇక్కడ వాన సరిగ్గా పడలేదు గాని రోజూ మబ్బు పట్టి ఉంటోంది. మనకు అదే పదివేలు. మొన్న రెండు రోజులు గొడుగు లేకుండానే బడికి వెళ్లాను. ‘గొడుగు టీచరమ్మ గొడుగు మర్చిపోయింది’ అని పిల్లలు ఒకటే గోల.

అసలు సంగతి ఇది. బేబికి పళ్లు వచ్చాయి.

నిన్న ఆరాధన నుంచి వచ్చి జడ వేస్తుంటే, ‘చిగురు దురద పెడుతోందమ్మా’ అంది. నోరు తెరిపించి చూశాను. పై కోరల వెనక రెండూ ఉన్నాయి, బియ్యపు నూకల్లాగా. దువ్వెన పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. పదకొండేళ్లు నిండినా రాలేదు కదా, వాళ్ల నాన్న పోలిక వచ్చింది, అన్నం తిని, అందరిలా పెరిగి, అందరిలా ముసలిదవుతుంది అనుకున్నాను. ఇక నాలుగేళ్లకు ఒక ఏడాది చొప్పున ఎదుగుతుంది, నీలాగా, నాలాగా. ఇమాం మాంసం కొట్టు నుంచి రోజూ తెచ్చే గిన్నెలో దానికీ వాటా పెట్టాలి. నల్ల వేపుడంటే మాస్టారికి అంత ఇష్టమా అని ఇమాం అడుగుతుంటాడు. వాళ్లకు రక్తం నిషిద్ధం, పారబోసేదే కాబట్టి గిన్నె నిండా పోస్తాడు.

మాస్టారు కులాసా. ఆయన తల సగం నెరిసింది. సంతలో పక్కింటి రాఘవమ్మ చుట్టం ఒకావిడ నన్ను చూసి, ‘మాస్టారి అమ్మాయా?’ అంది. ‘అవునండీ, పెద్దమ్మాయి’ అన్నారు ఈయన. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు. ఇంటికొచ్చాక నవ్వలేదు.

నీ చెల్లి,
రత్నమణి


జగ్గయ్యపేట,
19 జూలై 1954

చిరంజీవి రత్నానికి,

అక్క ఆదెమ్మ దీవెనలు. మనవాళ్లకు ‘చిరంజీవి’ అని రాస్తే మీ బావ నవ్వుతాడు. ఇంకేమని రాయను?

పిల్లకు పళ్లు వస్తే ఏడ్చానని రాశావు. అది ఏడవాల్సిన విషయమా? నేను మోకాళ్ల మీద పడి స్తోత్రం చెప్పుకున్నాను. దాన్ని నువ్వు పాతిపెట్టక్కర్లేదు. అంతకంటే ఆడదానికి ఏం కావాలి?

ఇక జాగ్రత్తగా విను. కొత్త పళ్లు నెల, నెలన్నర దురద పెడతాయి. అంతవరకు బడి మాన్పించు. కొరకడానికి చెరకు ముక్క ఇవ్వు, ఎండు కొబ్బరి ఇవ్వు. పాత పంటికి లేని గుణం కొత్త పంటికి ఉంటుంది. అది చిన్నపిల్లలకు అంటుకుంటే ఇక పోదు. ఇంతకంటే విప్పి రాయను. నువ్వు కూడా కార్డు మీద తిన్నగా రాయకు. మీ పోస్టుమాను చదవందే ఇవ్వడు. రక్తం అనాల్సినచోట చారు అను.

మీ బావకు కొత్త కష్టం వచ్చిపడింది. బియ్యం మిల్లులో రాత్రి కాపలాకన్నా మనకు తగిన ఉద్యోగం లేదు కదా. ఈయన నిజాయితీకి మెచ్చి మిల్లు యజమాని బసవయ్యగారు పగటి గుమాస్తాగా వేస్తానంటున్నాడు. జీతం పెంచుతానంటే వద్దనేవాడు లోకంలో ఉంటాడా? కళ్లు సరిగ్గా ఆనవని చెప్పాడు. కళ్లద్దాలు కొనిపెడతానన్నాడట మారాజు.

అక్క,
ఆదెమ్మ


(కార్డు)
నందిగామ,
4 ఆగస్టు 1954

అక్కకి వందనాలు. బళ్లో ఇమాం కూతురు సుభాన్‌బీని కుక్క కరిచింది. బేబితో చదివే పిల్లే. అప్పటినుంచి బేబి అన్నం ముట్టదు, చారు ముట్టదు. ఏం చెయ్యాలో తోచడం లేదు. వెంటనే రాయి. — రత్నమణి


జగ్గయ్యపేట,
9 ఆగస్టు 1954

రత్నానికి అక్క దీవెనలు.

నీ కార్డు చదివి గుండె ఝల్లుమంది. పాపం, పరాయి పిల్లయినా పిల్లే కదా. అది పిచ్చికుక్కేమో, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. బొడ్డు చుట్టూ సూదులు వేయించమని ఇమాం భార్యకు నువ్వే వెళ్లి చెప్పు. టీచరువి, నీ మాట వింటుంది. ఇంతకీ ఆ కుక్కను కొట్టించారా లేదా రాయలేదు. జాలిపడి వదిలేస్తే రేపు ఇంకో పిల్లను పట్టుకుంటుంది. మాస్టారు మెత్తటి మనిషి, ఆయన మీద పెట్టుకోకు. దుడ్డుకర్రతో ఒక్కటేసేవాణ్ణి ఎవరినైనా చూడు.

బేబిది స్నేహితురాలి మీద బెంగ. రెండు డజన్ల గాజులు కొనిపెట్టు, అదే తింటుంది. బడి మాన్పించమన్నాను, మాన్పించే ఉంటావు.

బసవయ్యగారు కళ్లద్దాలు తెచ్చాడు. మీ బావ పెట్టుకుని గోడకు కొట్టుకున్నాడు, కావాలనే. ఉద్యోగం రాత్రికే నిలిచింది.

ఆదెమ్మ


నందిగామ,
22 ఆగస్టు 1954

అక్కా,

కుక్క లేదు. కార్డు కదా అని అలా రాశాను. నువ్వు కొట్టించమన్న కుక్క బేబి.

పది రోజులు బడి మాన్పించాను. సుభాన్ లేకుండా ఉండలేనని రోజూ ఏడ్చేది. దురద తగ్గిందమ్మా అంటే నమ్మి పంపాను. మధ్యాహ్నం వరండాలో కూర్చుని సుభాన్ చేతికి పెట్టుకున్న గోరింటాకు చూపించిందట. బేబి ఆ చెయ్యి పట్టుకుని వాసన చూసి, కరిచింది. ఎందుకు కరిచావే అని అడిగాను. ‘చాలా ఇష్టంగా అనిపించిందమ్మా’ అంది. కుక్క అని చెబుదామన్నది కూడా సుభానే, బేబికి దెబ్బలు పడతాయని.

నువ్వు చెప్పకముందే ఇమాం పిల్లను సూదులకు తీసుకెళ్లాడు. సూది గుచ్చినప్పుడల్లా దాని అరుపు ఆసుపత్రి గేటు దాకా వినపడేది. అయినా ‘కుక్క కాదు’ అనలేదు. నేనూ గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. నేనూ అనలేదు.

ఇప్పుడు ఆ పిల్ల ఎండలోకి రాలేకపోతోంది. అన్నం పెడితే కక్కేస్తోంది. మొన్న వాళ్ల నాన్న కొట్టు వెనక, రక్తం పోయే కాలవ పక్కన కూర్చుని ఉండగా చూశాను. దానికి ఆకలి. ఆ ఆకలి ఏమిటో దానికి తెలీదు. తెలిసినా తీర్చుకోవడానికి లేదు, వాళ్ల ఇంట్లో రక్తం ముట్టరు. ఇదంతా బేబి చూసింది. ‘సుభాన్ తాగితే తాగుతా’ అని పళ్లు బిగించుకుని పడుకుంది.

ఇవాళ ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె నా దగ్గరికి వచ్చినప్పుడు, తాగకుండానే పక్కావిడకి అందించాను. బయటికొచ్చాక మాస్టారు అన్నారు, ‘ఆ గిన్నె ముందు అందరం ఒకటే రత్నం. కానీ హఫీజున్నీసాకి నిజం చెప్పాలి.’

హఫీజున్నీసా అంటే ఇమాం భార్య. మంచి మనిషి. అందుకే నోరు రావడం లేదు.

రత్నమణి


జగ్గయ్యపేట,
25 ఆగస్టు 1954

రత్నం,

చెప్పకు.

శనివారం మీ బావ మిల్లు లారీలో వస్తాడు. సామానంతా వద్దు, గిన్నెలు, గుడ్డలు చాలు. మైలవరంలో ఇల్లు మాట్లాడాం. బడికి రాజీనామా తర్వాత రాసుకోవచ్చు.

నైజాంలో మన అమ్మను ఏం చేశారో నీకు తెలీదు. నువ్వు చంకలో పిల్లవి. పొరుగింటి ఆవిడను అమ్మ చెల్లెలు అనుకుంది. కడుపులో మాట చెప్పుకుంది. ఆ చెల్లెలే గొళ్లెం బయటనుంచి పెట్టింది, ఇంకెవరో కప్పుకు నిప్పు పెట్టారు. నిన్నెత్తుకుని చేలకు అడ్డంపడి పరిగెత్తింది నేను. ఆ వాసన నాకు ఇప్పటికీ వస్తుంది. మంచి మనుషులే రత్నం. భయపడే రోజు వరకు అందరూ మంచి మనుషులే.

ఆ పిల్ల సంగతి దేవుడు చూసుకుంటాడు. నువ్వు నీ పిల్లను చూసుకో.

ఆదెమ్మ


నందిగామ,
20 సెప్టెంబరు 1954

అక్కకి వందనాలు.

బావగారు జరిగింది చెప్పే ఉంటారు. ఆయన్ను అవమానించానని అనుకోకు. పగలంతా లారీలో పట్టా కప్పుకుని కూర్చున్నారు పాపం. జ్వరం మనిషేమో అని రాఘవమ్మ మజ్జిగ కూడా ఇచ్చింది. పారిపోవడం నావల్ల కాదని మాత్రం చెప్పాను. బేబి నడవలేని స్థితిలో ఉంది. సుభాన్‌ను వదిలి వస్తే దారిలోనే పోయేది.

ఆ సాయంత్రమే హఫీజున్నీసా ఇంటికి వెళ్లాను. సుభాన్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

‘టీచరమ్మా, సూదులు పడలేదేమో. ఎండ చూస్తే ఏడుస్తోంది. పిచ్చి పట్టిందంటారా?’ అంది.

‘పిచ్చి కాదమ్మా. కుక్క కరవలేదు. మా బేబి కరిచింది.’

ఆవిడ నవ్వింది అక్కా. ‘ఓస్, ఇంతేనా? పిల్లలన్నాక కరుచుకోరా? దీనికోసం మా ఆయన బెజవాడ దాకా తిరిగాడా?’ అని కొంగుతో కళ్లు తుడుచుకుని మరీ నవ్వింది.

ఆ నవ్వు ఆగేదాకా ఉండి, నా పై పెదవి ఎత్తి చూపించాను.

మిగతాదంతా చెప్పాను. ఏమిటి మేం, ఎలా బతుకుతాం, మనుషుల జోలికి పోమని, ఇప్పుడు సుభాన్ కూడా మాలాంటిదేనని. ఆవిడ వెనక్కి వెనక్కి జరిగి మంచానికి అడ్డంగా నిలబడింది.

‘మా కొట్లోంచి తీసుకెళ్లే నల్ల…’

‘వండుకోమమ్మా.’

‘మా చేత్తోనే పోశామే,’ అంది. తర్వాత చాలా నెమ్మదిగా, ‘ఎవరికీ చెప్పను. చెప్తే నా పిల్లనీ కొడతారు. మీరు వెళ్లిపోండి టీచరమ్మా, మా గడప తొక్కకండి,’ అంది.

మర్నాటి నుంచి ఇమాం రక్తమంతా గుంటలో పోసి ఇసక కప్పడం మొదలెట్టాడు. మాస్టారు సైకిలు మీద చందర్లపాడు వెళ్లి క్యానుతో తెచ్చారు. బేబి మూత కూడా తియ్యనివ్వలేదు. ఆ రాత్రి ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి దాని నోటి దగ్గర పెట్టారు. ‘నాన్నదేనే, ఎవరూ ఏమీ అనరు,’ అన్నారు. బేబి ఆ చెయ్యి ముద్దు పెట్టుకుని పక్కకు తోసేసింది. ఆయన మడత విప్పుకోవడం కూడా మర్చిపోయి అలాగే కూర్చున్నారు.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం కుండపోతగా వాన. తలుపు కొట్టారు. హఫీజున్నీసా. భుజాన సుభాన్, చేతిలో పళ్లెం మూసిన గిన్నె. వెనకాల రోడ్డు మీద ఇమాం, మా ఇంటికి వీపు పెట్టి, వానలో తడుస్తూ నిలబడ్డాడు.

‘మసీదులో పెద్దాయన్ని అడిగించా, మందు కోసమని చెప్పి. ప్రాణం పోతుంటే నిషేధం నిలవదన్నారు. ప్రాణం నిలిచేంత వరకే, రుచి కోసం కాదన్నారు,’ అంది. గిన్నె నా చేతికిచ్చింది. ‘నా చేత్తో పట్టలేను. మీరు పట్టండి. నేను చూస్తా.’

సుభాన్ మొదటి గుక్క కక్కింది. రెండోది నిలిచింది. తర్వాత గిన్నె వదల్లేదు. పిల్ల ముఖంలోకి రంగు వస్తుంటే ఆ తల్లి ముఖంలో రంగు పోవడం చూశాను. సుభాన్ మిగిల్చిన దాన్ని బేబి పాక్కుంటూ వచ్చి తాగింది. ఇద్దరూ ఒకే చాప మీద నిద్రపోయారు.

వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి, ‘మిమ్మల్ని క్షమించాననుకోకండి,’ అంది. ‘రేపు ఇదే వేళకి తీసుకొస్తా.’

రోజూ తీసుకొస్తోంది. నాతో మాట్లాడదు. పిల్లలు తాగేదాకా కూర్చుని గిన్నె కడుక్కుని వెళ్తుంది.

రత్నమణి


జగ్గయ్యపేట,
27 సెప్టెంబరు 1954

రత్నమణికి,

‘పారిపోవడమే మీ బతుకు’ అని నువ్వు అన్నావని మీ బావ చెప్పాడు. అవును. పారిపోబట్టే నువ్వు బతికావు. నిన్నెత్తుకుని పారిపోయిందానికి మంచి మాట దక్కింది.

ఎప్పుడో ఒకనాడు ఆ ఇంటికి గొళ్లెం పెడతారు. ఆ రోజు చూడటానికి నేను ఉండను. ఇక ఇక్కడికి రాయకు.

ఆదెమ్మ


నందిగామ,
16 అక్టోబరు 1966

అక్కా,

రాయకు అన్నావు. పన్నెండేళ్లు రాయలేదు. బావగారు ఇంకా బసవయ్యగారి మిల్లులోనే ఉన్నారని లారీ డ్రైవరు ఒకతను చెబితే ధైర్యం చేశాను. చించేసే ముందు చివరిదాకా చదువు.

గొళ్లెం ఎవరూ పెట్టలేదు. హఫీజున్నీసా ఒక్కరోజు కూడా మానకుండా గిన్నె తెచ్చింది. రెండేళ్లు మాట్లాడలేదు. మూడో ఏట మాస్టారికి టైఫాయిడు వస్తే జావ కాచి తెచ్చి, ‘మీ ఇంట్లో జావ కాయడం ఎవరికొచ్చు?’ అంది. అదే మొదటి మాట. ఆ తర్వాత ఆపింది లేదు.

ఇమాం పోయిన వేసవిలో పోయాడు. గుండెనొప్పి. చివరిదాకా మా వాకిట్లోకి రాలేదు గాని, సుభాన్‌కని మంచి పొట్టేలు చూసి పక్కన పెట్టేవాడు. తండ్రిని సాగనంపేటప్పుడు ఎండలో గడప దాటలేక సుభాన్ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. బేబి దాని కళ్లకు అడ్డంగా గొడుగు పట్టుకుని నిలబడింది.

పిల్లలిద్దరికీ ఇరవై మూడు. చూస్తే పద్నాలుగు. ఎదుగుదల లేని జబ్బని చెప్పుకొచ్చాం. కానీ రాఘవమ్మ మనవరాలు వీళ్లతో చదివిందే, ఇద్దరు బిడ్డల తల్లయి పుట్టింటికొచ్చింది. వీళ్లను చూసి కెవ్వుమంది. వారం తిరక్కుండా మా గోడ మీద ఎవరో బొగ్గుతో కోరల బొమ్మ గీశారు. మాస్టారు సున్నం వేశారు. మళ్లీ గీశారు. నువ్వు చెప్పిన రోజు వచ్చింది అక్కా. ఇక వెళ్లాలి.

ఈ సంగతి హఫీజున్నీసాకు చెప్పాను. సుభాన్‌ను తీసుకెళ్లక తప్పదు, ఇక్కడుంటే దానికీ అపాయమే. విని లోపలికి వెళ్లి, జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంటూ వచ్చి నా ముందు కూర్చుంది.

‘నన్నూ కరవండి. నేనూ వస్తా.’

‘పెద్దవాళ్లకు అంటదమ్మా. పాత పంటికి ఆ గుణం ఉండదు,’ అన్నాను.

‘కరిచి చూడండి. పోయేదేముంది?’

అప్పుడు మాస్టారు కుర్చీలోంచి అన్నారు, ‘పెళ్లయిన కొత్తలో నేనూ అడిగానండి. నా పోరు పడలేక కరిచింది కూడా. రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గింది, అంతే.’ ఆయనకిప్పుడు పళ్లు సగం లేవు. నవ్వుతూనే చెప్పారు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు ఇన్నాళ్లూ.

హఫీజున్నీసా జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంది. ‘అయితే ముసలిదాన్నయ్యే వస్తా. కొత్త ఊళ్లో అమ్మ అంటే నమ్మరు. దాని నానమ్మనని చెప్పండి. ఇంకా బతికితే ముత్తవ్వనని చెప్పండి,’ అంది. మాస్టారు, ‘రండమ్మా, అన్నం తినేవాళ్లం ఇద్దరమవుతాం. ఇన్నేళ్లూ ఒక్కణ్ణే తింటున్నా,’ అన్నారు.

లేచి వెళ్తూ ఒక మాట అడిగింది. ‘నేను పోయాక అది ఏడుస్తుంది. మీరు అప్పటికి మాస్టారి కోసం ఏడుస్తుంటారు. బేబి పిల్ల. నా బిడ్డ ఎవరి దగ్గర ఏడవాలి టీచరమ్మా?’

ఆ మాట నిన్ను అడగాలనిపించింది. అందుకే రాస్తున్నాను.

నీ చెల్లి,
రత్నమణి


జగ్గయ్యపేట,
21 అక్టోబరు 1966

చిరంజీవి రత్నానికి,

అక్క దీవెనలు. నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించి, ఆనాడు నువ్వు అసలేమన్నావని నిలదీశాను. ‘పారిపోవడం నావల్ల కాదు’ అన్నావట. ఎండకు బుర్ర వేడెక్కి మాట అటూ ఇటూ అయిందేమో అంటున్నాడు, ఇప్పుడు. పన్నెండేళ్లు! నువ్వు ఒక్క ముక్క రాయకూడదా అని నిన్ను తిడదామనుకున్నాను. రాయొద్దన్నది నేనే కదా. మూడు రోజులుగా మీ బావకు చారు ఒక పూటే పోస్తున్నాను.

మేమూ ఇక్కడ ఎక్కువకాలం ఉండిపోయాం. తండ్రి హయాం నుంచి ఉన్న కాపలావాడికి తల ఎందుకు నెరవలేదని బసవయ్యగారి కొడుకు అడుగుతున్నాడు. అందరం కలిసి మైలవరం పోదాం. ముందు మీరు ఇక్కడికి రండి. ఆదివారం పొద్దుగూకే వేళకు మీ బావ చిల్లకల్లు దగ్గర బస్సు కోసం నిలబడతాడు.

ఆ గిన్నె సంగతి చాలాసార్లు చదివాను. మన అమ్మకు అలాంటి పొరుగామె దొరకలేదు. దొరకరని నీకు చెప్పింది నేను.

ఆమె అడిగినదానికి నేను జవాబు చెబుతాను. నా దగ్గర ఏడవమను. బేబికి పళ్లు వచ్చాయంటే మోకాళ్ల మీద పడ్డానని రాశాను, గుర్తుందో లేదో. నా కొడుకులిద్దరికీ రాలేదు, నువ్వు పుట్టేనాటికే వాళ్లు నాకంటే పెద్దవాళ్లలా కనిపించేవాళ్లు. నువ్వు వాళ్లను మావయ్యలు అనుకునేదానివి, ఊరివాళ్లకు అలా చెప్పేవాళ్లం. పెద్దవాడు నన్ను అక్కా అని పిలిచాడు, తర్వాత అమ్మాయ్ అని పిలిచాడు, చివరి రోజు మాత్రం అమ్మా అని నా ఒళ్లో పోయాడు. చిన్నవాడి సంగతి ఇప్పుడు రాయలేను.

ఆ ఏడుపు పూర్తవుతుందని సుభాన్‌కు అబద్ధం చెప్పను. మధ్యలో ఆకలేస్తుంది. ఆకలేసినందుకు సిగ్గేస్తుంది. అప్పుడు పక్కన ఒకరు కూర్చుని, తాగు తల్లీ, తాగి మళ్లీ ఏడువు అనాలి. ఆ పని నాకు వచ్చు. ఆమెతో చెప్పు.

ఇంట్లో అన్నం వండి చాలా ఏళ్లయింది. నిన్న వండి చూశాను. మెత్తబడింది, అడుగంటింది కూడా. ఇంకో రెండు రోజులుంది కదా, రేపు మళ్లీ వండుతాను. ఆమె కారం ఎంత తింటుందో నువ్వు రాయలేదు.

అక్క,
ఆదెమ్మ